మొదటి డీఎస్ఎల్ఆర్: కెమెరా కంటే ముందు డబ్బా కొనండి

కెమెరాల మీద ఎపిసోడ్ వచ్చాక నాకు చేరిన వాయిస్ మెసేజ్‌లలో సగానికి పైగా ఒకటే ప్రశ్న. “అన్నా, కెనాన్ కొనాలా, నికాన్ కొనాలా?” జొహోర్ నుంచి అడిగారు, పెనాంగ్ నుంచి అడిగారు, ఇటు క్లాంగ్ వైపు వాళ్లూ అడిగారు. జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తా: ఏదైనా ఫర్వాలేదు. మలేషియాలో మన డబ్బు ఆ రెండిటి తేడా దగ్గర పోదు. తేమ దగ్గర పోతుంది, తొందరపడి ఎవరికో ముందే డబ్బు పంపేసిన దగ్గర పోతుంది. ఆడియోలో టైమ్ చాలక వదిలేసిన ఆ రెండు సంగతులూ ఇక్కడ వివరంగా రాస్తున్నా. మధ్యలో ఏ మోడల్, ఏ లెన్స్ అన్నది కూడా చెప్తా.

నేను ఫోటోగ్రాఫర్ని కాను. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి, ఇక్కడ సైట్ సూపర్వైజర్‌గా పని చేస్తున్నా. ఆదివారం కెమెరా పట్టుకుని తిరగడం నా సరదా. మన జీతాల్లో సరదాకి ఎంత ఖర్చు పెట్టొచ్చో కూడా అందుకే తెలుసు. ఇక్కడ కనీస వేతనం 2025 ఫిబ్రవరి 1 నుంచి నెలకు 1,700 రింగిట్. ఓవర్‌టైమ్ కలిపినా ఇంటికి పంపేది, తిండి, ఫోన్ రీఛార్జ్ తీసేస్తే మిగిలేది ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి నా లెక్క అంతా 1,500 రింగిట్ లోపలే. అదీ నాలుగైదు నెలలు కొంచెం కొంచెంగా పక్కన పెట్టిన డబ్బు. వాయిదాల మీద మాత్రం వద్దు. సైట్ మారొచ్చు, పర్మిట్ రెన్యువల్ ఆలస్యం కావచ్చు, వాయిదా మాత్రం ఆగదు.

ఇంకో మాట కూడా ముందే అనుకుందాం. పగటి వెలుతురులో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునే ఫోటోలకు మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. నేర్చుకోవాలని నిజంగా ఉందా, రాత్రిపూట తీయాలని ఉందా, ఇంటికెళ్లినప్పుడు పిల్లల ఫోటోలు పెద్దగా ప్రింట్ వేయించి గోడకి పెట్టాలని ఉందా? అయితే కింద చదవండి.

అందరూ మిర్రర్‌లెస్ అంటుంటే డీఎస్ఎల్ఆర్ ఎందుకు?

అందరూ అటు వెళ్లిపోతున్నారు కాబట్టే. కెనాన్, నికాన్ రెండూ కొత్త డీఎస్ఎల్ఆర్‌లు తయారుచేయడం దాదాపు ఆపేసి మిర్రర్‌లెస్ మీద పడ్డాయి. డబ్బున్నవాళ్లు పాతవి అమ్మేసి కొత్తవి కొంటున్నారు. ఆ పాతవి మనలాంటివాళ్లకు అందే ధరకి మార్కెట్లోకి వస్తున్నాయి. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లు 1987 నుంచి, నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉన్నాయి, కాబట్టి సెకండ్ హ్యాండ్ లెన్స్‌లకు కొదవ లేదు.

బ్యాటరీ ఇంకో కారణం. డీఎస్ఎల్ఆర్‌లో మనం చూసేది అద్దంలోంచి వచ్చే అసలు వెలుతురునే. చూస్తున్నంతసేపూ లోపల స్క్రీన్ వెలగక్కర్లేదు. నికాన్ డి3500 ఒక్క ఛార్జింగ్‌తో 1,550 ఫోటోలు తీస్తుందని కంపెనీ లెక్క. కొంగ్సిలో ఒక్కో ప్లగ్ పాయింట్‌కి ఆరు ఫోన్లు వేలాడుతుంటాయి కదా, అక్కడ ఇది చిన్న సంగతి కాదు.

కష్టం కూడా చెప్పాలి. బరువు ఎక్కువ, సైజు పెద్దది, వీడియోలో ఫోకస్ నెమ్మది. యూట్యూబ్ వీడియోలే మీ ఉద్దేశమైతే డీఎస్ఎల్ఆర్ మీకు కాదు.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి

సిమెంట్ బస్తాని నేల మీద పెట్టొద్దు, గోడకి ఆనించొద్దు, కింద చెక్కలు వేసి పైన షీట్ కప్పమని రోజూ కుర్రాళ్లకు చెప్తుంటాం. ఎందుకు? వాన పడకపోయినా గాలిలో తేమకే బస్తా గడ్డకడుతుంది. లెన్స్ కూడా అలాంటిదే. గట్టిపడదు గానీ బూజు పడుతుంది. ఇక్కడ అందరూ దాన్ని ఫంగస్ అంటారు. ఫంగస్ విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. చీకటి, కదలని గాలి, అరవై శాతం దాటిన తేమ, అద్దం మీద కాస్త దుమ్మో వేలి జిడ్డో దొరికితే మొలకెత్తుతాయి. సాలెగూడు దారాల్లా అద్దం లోపలికి పాకుతాయి. పెరిగేటప్పుడు అది వదిలే ఆమ్లం అద్దం మీది పూతను తినేస్తుంది. ఆ దశ దాటాక విప్పి తుడిపించినా మచ్చ పోదు.

మన తెలంగాణలో, రాయలసీమలో ఎండాకాలం వస్తే గాలి పొడిబారి వస్తువులకి కాస్త ఊపిరి ఆడుతుంది. కౌలాలంపూర్‌లో ఆ కాలమే రాదు. ఏడాది పొడవునా తేమ సగటున 80 శాతం దగ్గరే. మంచి లెన్స్ కొని, మంచి బ్యాగులో పెట్టి, జిప్ వేసి, మంచం కింద తోసి, రెండు మూడు నెలలు ఓవర్‌టైమ్‌లో పడి మర్చిపోయినవాళ్ల లెన్స్‌లు నేను చూశాను. చెమట పట్టిన స్పాంజ్, చీకటి, గాలి ఆడకపోవడం: ఫంగస్‌కి అంతకంటే మంచి ఇల్లు ఎవరూ కట్టివ్వలేరు. కెమెరా బ్యాగ్ మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు.

అందుకే కెమెరా కంటే ముందు డబ్బా కొనమంటున్నా. మిస్టర్ డీఐవై షాపులో మూతకి రబ్బరు వాషర్ ఉండి, నాలుగు వైపులా క్లిప్పులు పడే ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది. కెమెరా, రెండు లెన్స్‌లు పట్టేంత సైజు చూసుకోండి. అందులో తేమ శాతం చూపించే చిన్న మీటర్ ఒకటి, సిలికా జెల్ పావు కిలో. అంతే. ఫోటోగ్రఫీ షాపుల్లో ఇదే డబ్బా డ్రై బాక్స్ పేరుతో ఉంటుంది, ధర కాస్త ఎక్కువ. కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ ఇంకా మంచిది, ఎక్కువ కరెంటు కూడా తాగదు. కానీ సైట్ అయిపోగానే మూటాముల్లె సర్దుకుని ఇంకో కొంగ్సికి మారే మనకి బీరువాలాంటిది మోయడం కష్టం. సొంత గది ఉండి, లెన్స్‌లు నాలుగైదు అయ్యాక ఆలోచించండి.

మీటర్ 40 నుంచి 50 శాతం మధ్య చూపిస్తే సరిపోతుంది. తక్కువైతే ఇంకా మంచిదని జెల్ కుక్కేయకండి. 30 కంటే కిందికి పోతే లోపలి గ్రీజు, రబ్బరు ఎండిపోతాయి. కాంక్రీటుకి నీళ్లు ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే కదా.

సిలికా జెల్ రెండు రంగుల్లో వస్తుంది. నారింజ రంగుది తేమ తాగితే ఆకుపచ్చగా మారుతుంది. నీలం రంగుది గులాబీ అవుతుంది. నారింజదే తీసుకోండి. నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్ వల్ల వస్తుంది, అది విషం. జెల్‌ని రైస్ కుక్కర్లో వేసి ఆరబెట్టేవాళ్లని చూశాను. పదిమంది తినే కుక్కర్ అది, ఆ పని చేయకండి. వంటకి వాడని పాత పెనం ఒకటి దీనికే పెట్టుకుని, సన్నని సెగన రంగు తిరిగి వచ్చేదాకా వేడి చేసి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి. గోడ ప్లగ్‌కి పెడితే తనంతట తనే ఆరిపోయే చిన్న యూనిట్లు కూడా దొరుకుతాయి. పొయ్యి దగ్గర చోటు లేనివాళ్లకి అవి నయం. బియ్యంలో కెమెరా పెట్టమని చెప్పేవాళ్ల మాట మాత్రం వినొద్దు. బియ్యప్పిండి సందుల్లోకి పోతుంది.

ఎంత మంచి డబ్బా ఉన్నా వారానికోసారి బయటికి తీసి నాలుగు ఫోటోలు తీయండి. వాడే కెమెరాకి ఫంగస్ అంత తొందరగా రాదు.

తేమ ఇంకోలా కూడా పట్టుకుంటుంది. ఎల్ఆర్‌టీలో, మాల్‌లో ఏసీకి కెమెరా చల్లబడి ఉంటుంది. బయటికి రాగానే తీస్తే అద్దం మీద, ఒక్కోసారి లోపల కూడా ఆవిరి పట్టేస్తుంది. తుడవకండి, లెన్స్ విప్పకండి. బ్యాగు జిప్ వేసే ఉంచి ఇరవై నిమిషాలు, అరగంట ఆగి అప్పుడు తీయండి. ఈలోపు ఒక తే తారిక్ తాగొచ్చు.

ఏ బాడీ?

కెనాన్‌లో 700డి 2013లో వచ్చింది, 1300డి 2016లో, 1500డి 2018లో. నికాన్‌లో డి5300 2013లో, డి3400 2016లో, డి3500 2018లో. సెకండ్ హ్యాండ్‌లో వీటిలో ఏది బాగున్న స్థితిలో దొరికితే అది తీసుకోండి. 18 మెగాపిక్సెల్ 700డి, 24 మెగాపిక్సెల్ డి3500 పక్కపక్కన పెట్టి ఏ3 సైజు ప్రింట్ వేయిస్తే గోడ మీద తేడా మీరు కనిపెట్టలేరు. స్క్రీన్ తిరగడం కావాలంటే 700డి, డి5300. కెమెరాని నేల దగ్గర పెట్టి తీసేటప్పుడు బురదలో పడుకోనక్కర్లేదు.

రేటు చూసి ఆశపడి కెనాన్ 3000డి వైపు వెళ్లకండి. దాని లెన్స్ తగిలించే రింగు ప్లాస్టిక్. పైగా వ్యూఫైండర్‌ని మన కంటి పవర్‌కి సరిచేసుకునే చక్రం లేదు. నలభై దాటి కళ్లజోడు పెట్టుకున్న నాలాంటోడికి అది పనికిరాదు.

రెండు మెలికలు ఉన్నాయి, అమ్మేవాళ్లు చెప్పరు. మొదటిది నికాన్‌ది. డి3000, డి5000 వరుసల్లో బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు, మోటార్ లెన్స్‌లోనే ఉండాలి. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని రాసి ఉంటేనే ఆటోమేటిక్‌గా ఫోకస్ అవుతుంది. ఉత్త ఏఎఫ్ అనో, ఏఎఫ్-డి అనో ఉన్న పాత లెన్స్ చవగ్గా వచ్చిందని కొంటే చేత్తో తిప్పుకుంటూ కూర్చోవాలి. ఏఎఫ్-పీ లెన్స్ కూడా డి3200 లాంటి ఇంకా పాత బాడీల మీద ఫోకస్ కాదు. జత కలిపి అక్కడే చూసుకోండి.

రెండోది కెనాన్‌ది. 1500డి, 3000డి, 200డి మార్క్ 2 బాడీల పైన ఫ్లాష్ పెట్టే చోట మధ్యలో ఉండాల్సిన గుండ్రటి పిన్ తీసేశారు. చవక రకం మాన్యువల్ ఫ్లాష్‌లు ఆ పిన్ మీదే ఆధారపడతాయి, అది లేకపోతే వెలగవు. ముందు ముందు ఫ్లాష్ కొనే ఆలోచన ఉంటే 700డి, 1300డి లాంటి పాతవే మేలు.

ఫోటోలు ఫోన్‌లోకి ఎలా వస్తాయన్నది మనకి ముఖ్యం, ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తుంటారు కదా. 1300డి, 1500డి, డి5300లో వైఫై ఉంది. 700డిలో లేదు. డి3500లో బ్లూటూత్ మాత్రమే, చిన్న సైజు ఫోటోలు వస్తాయి. దీని కోసం బాడీ మార్చనక్కర్లేదు. ఫోన్‌కి తగిలే కార్డ్ రీడర్ కొన్ని రింగిట్‌లే. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదు.

లెన్స్ దగ్గరే అసలు ఫోటో

మనకి ఖాళీ దొరికేది ఎప్పుడు? రాత్రి, ఆదివారం, పండగ రోజు. అంటే మన ఫోటోల్లో సగం ట్యూబ్‌లైట్ కింద, పసార్ మాలమ్ బల్బుల కింద, దీపావళికి బ్రిక్‌ఫీల్డ్స్ వీధుల్లో తీసేవే. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్ ఇక్కడే తడబడుతుంది. 55 దగ్గర దాని కిటికీ ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ కిటికీ పెద్దది. ఎఫ్ 1.8 లెన్స్ ఎఫ్ 5.6 కంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి వదులుతుంది. కిట్ లెన్స్‌తో సెకనులో పదో వంతు సేపు షట్టర్ తెరిచి ఉంచాల్సిన చోట దీనితో సుమారు వందో వంతు చాలు. పదో వంతులో మనిషి నవ్వినా మొహం చెరిగిపోతుంది, వందో వంతులో నిలుస్తుంది. బాడీ మీద 500 రింగిట్ ఎక్కువ పెట్టినా ఈ తేడా రాదు.

కెనాన్ వాళ్లకి 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం, 2015లో వచ్చింది. నికాన్ వాళ్లకి 35 ఎంఎం ఎఫ్ 1.8జి డీఎక్స్. రెండూ సెకండ్ హ్యాండ్‌లో బాగా తిరుగుతున్నాయి. అయితే గది సైజు చూసుకోవాలి. ఈ బాడీల సెన్సర్ చిన్నది కాబట్టి కెనాన్‌లో 50 అన్నది 80లా, నికాన్‌లో 35 అన్నది 52లా పని చేస్తుంది. కొంగ్సి గదిలో కెనాన్ 50 పెడితే ఒక్క మనిషి మొహం, భుజాలు పడతాయి. పక్క మంచం మీద కూర్చున్న నలుగురూ కావాలంటే మీరు తలుపు బయటికి వెళ్లాలి. ఒంటరి మనిషి ఫోటోలకి అది బంగారం, గుంపు ఫోటోలకి కాదు. కెనాన్‌లో ఇరుకు గదుల కోసం 24 ఎంఎం ఎఫ్ 2.8 ఎస్‌టీఎం ఉంది, బిస్కెట్‌లా పల్చగా ఉంటుంది. వెలుతురు 1.8 అంత రాదు గానీ మనుషులందరూ పడతారు. నన్నడిగితే మొదట కిట్ లెన్స్‌తో రెండు నెలలు తీసి, మీ ఫోటోలు ఏ నంబర్ దగ్గర ఎక్కువ పడుతున్నాయో చూసుకుని అప్పుడు రెండో లెన్స్ కొనండి.

రెండు లెన్స్‌ల ఆఫర్ అంటూ 75-300 తగిలించి ఇస్తుంటారు. కెనాన్ 75-300లో చెయ్యి వణుకుని ఆపే ఏర్పాటు లేదు, 300 దగ్గర ఫోటో మెత్తగా వస్తుంది. దూరంవి తీయాలనుంటే 55-250 ఐఎస్ ఎస్‌టీఎం చాలా మెరుగు. నికాన్ 70-300 ఏఎఫ్-పీ రెండు రకాల్లో ఉంది, పేరులో వీఆర్ అని ఉన్నదే తీసుకోండి. కౌలాలంపూర్ తిరగడానికి మాత్రం దూరం లెన్స్ కంటే వెడల్పు లెన్సే ఎక్కువ పనికొస్తుంది. 452 మీటర్ల పెట్రోనాస్ టవర్లు కేఎల్‌సీసీ పార్క్ నుంచి తీయాలంటే 18 దగ్గర కూడా కెమెరాని నిలువుగా పట్టుకుని వెనక్కి వెనక్కి నడవాలి.

నా బడ్జెట్ ఇలా: బాడీ, కిట్ లెన్స్ కలిపి వెయ్యి దాటకూడదు. రెండో లెన్స్‌కి మూడొందలు. మిగతా రెండొందల్లో డబ్బా, జెల్, మీటర్, మెమరీ కార్డు, ఊదే బల్బు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు

బుకిట్ బింతాంగ్‌లో లో యాట్ ప్లాజా మనందరికీ తెలిసిందే. కొత్తది కొనేవాళ్లు అక్కడ మూడు షాపులు తిరగకుండా డబ్బు తీయొద్దు. రేటు తక్కువ చెప్పినవాడిని “ఏపీ సెట్టా, మలేషియా సెట్టా?” అని అడగండి. ఏపీ సెట్ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు, కంపెనీ డీలర్ ద్వారా కాకుండా బయట నుంచి తెప్పించిన సరుకు. దానికి వారంటీ ఆ షాపువాడి మాట మీదే నడుస్తుంది. మలేషియా సెట్ అయినా కార్డు మీద వారంటీ ఏ దేశానికో చదువుకోండి.

పాతది కొనేది ఎక్కువగా మూడా, కారోసెల్‌లలో. ఇక్కడ మనిషిని కలిసి, సరుకు చూసి, డబ్బిచ్చే పద్ధతిని సీఓడీ అంటారు. సీఓడీకి ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి. “చాలామంది అడుగుతున్నారు, రెండొందలు పంపితే మీ కోసం ఉంచుతా” అన్నాడంటే అక్కడితో మాట ఆపేయండి. ఎవరికైనా డబ్బు పంపక తప్పని పరిస్థితి వస్తే, ఆ బ్యాంకు అకౌంట్ నంబర్, ఫోన్ నంబర్ మలేషియా పోలీసుల సెమాక్ మ్యూల్ వెబ్‌సైట్‌లో వేసి చూడండి. వాటి మీద ఫిర్యాదులుంటే చూపిస్తుంది. మోసపోయారని తెలిసిన నిమిషమే 997కి ఫోన్ చేయండి, అది ఆన్‌లైన్ మోసాల కోసం పెట్టిన నంబర్. ఎంత తొందరగా చేస్తే డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మనం పరాయి దేశం వాళ్లం, మన మాట ఎవరు వింటారులే అని ఊరుకోకండి.

కలిసే చోటు ఎల్ఆర్‌టీ స్టేషనో, మాల్‌లో ఫుడ్ కోర్టో పెట్టుకోండి. పగటిపూట వెళ్లండి. ఒక మెమరీ కార్డు, ఫోన్ టార్చి మీతో ఉండాలి.

ముందు లెన్స్ విప్పించి, వెనక నుంచి టార్చి కొట్టి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము రేణువులు నాలుగైదు ఉన్నా ఫోటోలో కనపడవు, భయపడక్కర్లేదు. సాలెగూడు దారాలు, మంచు పట్టినట్టు మసక, కొమ్మల్లా పాకిన మచ్చలు ఉంటే అది ఫంగస్. వందకి ఇచ్చినా వద్దు, మీ డబ్బాలో దాని పక్కన పెట్టిన లెన్స్‌కి కూడా ఆ విత్తనాలు చేరతాయి. బ్యాగ్ తెరవగానే ముక్క వాసన వచ్చిందా? టార్చి ఇంకాస్త జాగ్రత్తగా కొట్టండి.

తర్వాత తెల్లటి గోడనో, ఆకాశాన్నో ఎఫ్ 16 దగ్గర పెట్టి ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. నల్లటి చుక్కలు సెన్సర్ మీది దుమ్ము. ఊదితే పోయేవి చాలా వరకు ఉంటాయి, గీత ఉంటే మాత్రం పోదు. లెన్స్ మూత పెట్టేసి ముప్పై సెకన్ల ఫోటో తీస్తే చెడిపోయిన పిక్సెల్స్ రంగు చుక్కల్లా మెరుస్తాయి. ఫోకస్ చూడటానికి మాల్ నేల టైల్స్ కంటే మంచిది లేదు: ఒక టైల్ జాయింట్ మీద ఫోకస్ పెట్టి తీస్తే, అదే గీత పదునుగా ఉందో, దాని ముందుదో వెనకదో పదునుగా ఉందో తెలిసిపోతుంది.

షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్‌లో తేలిగ్గా తెలుస్తుంది, తీసిన ఫోటో ఫైల్‌లోనే ఆ నంబర్ రాసి ఉంటుంది, చూపించే వెబ్‌సైట్లు ఉన్నాయి. కెనాన్ చిన్న బాడీల్లో ఫైల్‌లో ఉండదు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. ఈ తరగతి బాడీలకి లక్ష క్లిక్‌లని సాధారణంగా లెక్క. ముప్పై వేల లోపు అయితే నిశ్చింత. బాడీ అడుగున సీరియల్ నంబర్, బాక్స్ మీది నంబర్ ఒకటేనా చూడండి. బాక్సూ లేదు, బిల్లూ లేదు, ఛార్జరూ లేదు, రేటు మాత్రం సగం అంటే అది ఎవరి భుజం మీద నుంచో లాక్కున్నది కావచ్చు. దాంతో పట్టుబడితే సమాధానం చెప్పాల్సింది మీరు.

మిగతా సామాను

మెమరీ కార్డు 32 జీబీ ఒకటి చాలు, పేరున్న షాపులో కొనండి, నకిలీలు చాలా తిరుగుతున్నాయి. గాలి ఊదే రబ్బరు బల్బు తప్పనిసరి. సిమెంట్ దుమ్ములో ఇసుక కూడా ఉంటుంది, ఊదకుండా గుడ్డతో రుద్దితే అద్దం మీద ఎమరీ పేపర్ తోమినట్టే. సైట్ మీద లెన్స్ మార్చొద్దు. లెన్స్ ముందు తగిలించే హుడ్ ఎండనీ ఆపుతుంది, దెబ్బనీ ఆపుతుంది. యూవీ ఫిల్టర్ లేకపోయినా నడుస్తుంది. సాయంత్రం నాలుగింటి వానకి బ్యాగులో ఒక ప్లాస్టిక్ సంచి, ఒక రబ్బర్ బ్యాండ్ చాలు.

ట్రైపాడ్ ఇప్పుడే వద్దు. చవకది గాలికి ఊగుతుంది, గట్టిది బరువు, ఖరీదు. చిన్న గుడ్డ సంచిలో ఇసుక పోసి కుట్టి, రెయిలింగ్ మీద పెట్టి దాని మీద కెమెరా ఆనించి టైమర్‌తో తీయండి. ఇసుకకి మనకి లోటు లేదు కదా.

కంపెనీ పేరు కనపడే కెమెరా బ్యాగ్ కంటే లంచ్ బ్యాగ్‌లో తువ్వాలు చుట్టి పెట్టుకోవడం మంచిది. రోడ్డు పక్క నడిచేటప్పుడు కెమెరా రోడ్డు వైపు కాకుండా గోడ వైపు భుజానికి ఉండాలి. బైకు మీద వచ్చి లాక్కుపోయే దొంగల్ని ఇక్కడ పెరాగుట్ అంటారు. పట్టీ లాగితే వదిలేయండి, కెమెరా కోసం రోడ్డు మీద ఈడ్పించుకోవద్దు.

ఎక్కడ తీయకూడదో

“కవాసన్ లారంగన్” అని ఎర్రటి బోర్డు, తుపాకీ పట్టుకున్న మనిషి బొమ్మ కనపడిందా, కెమెరా లోపల పెట్టేయండి. 1959 నాటి రక్షిత ప్రాంతాల చట్టం కింద అక్కడ ఫోటో తీయడం నేరం. మన సైట్‌లో కూడా కంపెనీని అడగకుండా తీయొద్దు. ఎక్కడికెళ్లినా పాస్‌పోర్ట్, పర్మిట్ దగ్గరుండాలి. చేతిలో కెమెరా ఉంటే చూపు మన మీద ఇంకాస్త పడుతుంది.

చేయి తిరిగాక ఎవరో అంటారు, “మా పాప బర్త్‌డేకి తీయి, రెండొందలిస్తా” అని. వద్దు. మన వర్క్ పర్మిట్ ఒక యజమాని దగ్గర ఒక పనికి ఇచ్చినది. పక్కన డబ్బు తీసుకుని ఇంకో పని చేస్తే 1963 ఇమ్మిగ్రేషన్ రెగ్యులేషన్స్‌లో 39(బి) కింద పాస్ షరతులు తప్పినట్టు. రెండొందల కోసం పర్మిట్ పోగొట్టుకోవద్దు. ఊరికే తీసిపెట్టండి, బిర్యానీ పెడితే తినండి.

తోటివాళ్ల ఫోటోలు తీసేటప్పుడు అడిగి తీయండి, ఫేస్‌బుక్‌లో, టిక్‌టాక్‌లో పెట్టేముందు మళ్లీ అడగండి. మన మధ్య కాగితాలు సరిగ్గా లేనివాళ్లుంటారు, అప్పులవాళ్ల నుంచి దూరంగా వచ్చినవాళ్లుంటారు. వెనక సైట్ బోర్డు, ఆ మనిషి మొహం ఒకే ఫ్రేమ్‌లో పడితే ఎక్కడున్నాడో లోకానికి చెప్పినట్టే. ఆ ఫోటోలు వాళ్ల ఇంటికి వాళ్ల చేతే పంపించండి.

సాధన చేయడానికి చోట్లకేం కొదవ లేదు. బతు కేవ్స్‌లో 272 మెట్లు, 2018లో వేసిన ఆ రంగులు, 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ విగ్రహం. పొద్దున ఏడింటికి వెళ్తే జనం ఉండరు, ఎండ కూడా మెత్తగా ఉంటుంది. కోతుల దగ్గర మాత్రం పట్టీ చేతికి చుట్టుకోండి.

ఇంటికి తీసుకెళ్లేటప్పుడు

కెమెరా, లెన్స్‌లు చేతి సామానులోనే పెట్టండి. విడి బ్యాటరీలు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, కొసలకి టేప్ అంటించి చేతి సంచిలో వేసుకోవాలి. ఎయిర్ ఏషియాలో చేతి సామాను రెండు బ్యాగులూ కలిపి 7 కిలోలే. కెమెరా సరంజామా రెండు కిలోలు అవుతుంది, ఇంటికి తెచ్చే చాక్లెట్లు పెద్ద పెట్టెలో సర్దుకోండి. బిల్లు ఫోటో ఫోన్‌లో ఉంచండి. సీల్ తీయని కొత్త పెట్టె అయితే దాని విలువ మన డ్యూటీ ఫ్రీ పరిమితిలో కలుస్తుంది. 2016 రూల్స్‌లో అది 50,000 రూపాయలుగా ఉండేది. ఈ పరిమితి మారుతుంటుంది కాబట్టి ప్రయాణం వారం ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. మనం అనుకున్న 1,500 రింగిట్ సెట్ ఎలాగూ ఆ లోపలే ఉంటుంది.

ఛార్జర్ సంగతి కూడా. ఇక్కడి ప్లగ్‌కి మూడు చదరపు పిన్నులు, మన ఇళ్లలో గుండ్రటివి. కెమెరా ఛార్జర్లు 100 నుంచి 240 వోల్టుల వరకు పని చేస్తాయి, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. కెనాన్ ఛార్జర్లలో చాలావాటికి టేప్‌రికార్డర్ తీగలాంటి విడి తీగ ఉంటుంది, ఊళ్లో ఎలక్ట్రికల్ షాపులో ఆ తీగ ఒక్కటీ మారిస్తే చాలు. నికాన్ ఛార్జర్ నేరుగా గోడకే పెట్టేది అయితే ఇక్కడ ఎయిర్‌పోర్టులో కాకుండా మిస్టర్ డీఐవైలో ఒక అడాప్టర్ కొనుక్కుని వెళ్లండి.